మోడల్లో మూసిన కంత

"రాసుకోండమ్మా. నేనే చంపానని రాసుకోండి. ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెడతాను. మా ఆవిడని మాత్రం స్టేషన్ చుట్టూ తిప్పకండి."

పెద్దమేస్త్రీ సిమెంటు బస్తా మీద కూర్చుని, తల ఎత్తకుండానే ఆ మాటలన్నాడు. అది కట్టడం కింద ఉన్న సామాన్ల గది. గదిలో ఒకే ఒక్క స్టూలు ఉంది. దాని మీద కానిస్టేబుల్ కూర్చున్నాడు. ఎదురుగా ఆడమనిషి నిలబడి ఉంది కదా అని ఒకసారి సగం లేచాడు, ఆవిడిప్పుడు డిపార్టుమెంటులో లేదని గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాడు. లోకం తీరే అంత, కుర్చీ పోయాక స్టూలు కూడా దక్కదు.

"రాసుకునేది నేను కాదు మేస్త్రీగారూ, వాళ్ళు. నన్ను పంపింది మీ ఆవిడ" అంది మేకు.

ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ అది రేషన్ కార్డుకే పరిమితం. ఇన్‌స్పెక్టరుగా ఉన్న రోజుల్లో కింది సిబ్బంది ఆవిడని చాటుగా మేకు అనేవారు. ఏకై వస్తుంది, మేకై కూర్చుంటుంది అని. ఒక కేసు మూసెయ్యమని పైవాళ్ళు చెబితే మూయనని ఉద్యోగం వదిలేసి వచ్చేసింది. ఆ కేసుని మర్నాడే మూసేసినవాడికి ఆవిడ కుర్చీ ఇచ్చారు. అతను పరాయివాడు కూడా కాదు, ఆవిడ సొంత చెల్లెలి మొగుడు. ఇప్పుడు ఈ మేస్త్రీని పట్టుకొచ్చిన ఇన్‌స్పెక్టరూ అతనే. సాయంత్రం అయిదింటికల్లా మేస్త్రీ చేత ఒప్పుకోలు మీద సంతకం పెట్టించి మేజిస్ట్రేటు ముందు నిలబెడతానని పొద్దున్నే పత్రికలవాళ్ళకి చెప్పేశాడు. అరవై దాటిన మనిషి, ఒకసారి లోపలికి వెళితే మళ్ళీ ఇల్లు చూస్తాడన్న ఆశ లేదు.

కేసు చూడ్డానికి చాలా చిన్నది. అది పిల్లల ఆసుపత్రి. రెండేళ్ళ కిందటే తలుపులు తెరుచుకోవాల్సింది, ఇంకా ఇటుకలు మోస్తూనే ఉన్నారు. ఎందుకింత ఆలస్యమైందో తేల్చమని ఆసుపత్రి బోర్డువాళ్ళు ఒకావిడని పంపారు. సైటులో అందరూ ఆవిడకి ఆలస్యాలావిడ అని పేరు పెట్టారు. మోకాళ్ళ నొప్పులతో ఒక్కో అంతస్తూ ఎక్కి, కనబడినవాళ్ళనల్లా "ఈ పని ఇక్కడ ఎందుకాగింది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా అక్కణ్ణుంచి కదిలేది కాదట. సోమవారం బోర్డు ముందు నోరు విప్పాల్సిన మనిషి, శనివారం పొద్దున ఆరో అంతస్తులో పైపుల డక్ట్ కోసం స్లాబులో వదిలిన కంతలోంచి నేరుగా సెల్లార్లో పడి చచ్చిపోయింది. కంత చుట్టూ ఉండాల్సిన ఇనప రెయిలింగ్ లేదు. కంత మీద ఒక చెక్క షీటు పరిచి ఉంది, అంతే.

"ఆ రెయిలింగ్ పెట్టించింది ఎవరు?" అంది మేకు.

"నేనే."

"తీయించింది?"

"అదీ నేనే. ముందురోజు సాయంత్రం."

"ఎందుకు?"

మేస్త్రీ బస్తా అంచున కారిన సిమెంటుని బొటనవేలితో గీకాడు. "చెప్పినా నమ్మరమ్మా. ఇన్‌స్పెక్టరుగారు నమ్మలేదు, మేనేజరుగారు నమ్మలేదు. ఇప్పుడు నాకే నమ్మకం పోయింది."

"నమ్మడం నా పని కాదు, వినడం నా పని. చెప్పండి."

"ట్యాబ్‌లో చూశానమ్మా. ఈ కట్టడం మొత్తం కంప్యూటర్లో కట్టి పెట్టారు కదా, మోడల్ అంటారు. ప్రతి స్తంభం, ప్రతి పైపు, ప్రతి కంత అందులో ఉంటాయి. మేం దాన్ని చూసుకునే కడతాం. శుక్రవారం సాయంత్రం తెరిచి చూస్తే ఆరో అంతస్తులో ఆ కంత లేదు. స్లాబు నున్నగా ఉంది. రెయిలింగూ లేదు. కంత మూసేశారు కామోసు, కంతే లేనప్పుడు కంచె ఎందుకు, ఏడో అంతస్తుకి పైపులు చాలక చస్తున్నాం అనుకుని, రెయిలింగ్ ఊడదీసి పైకి చేర్చమని పనివాళ్ళకి చెప్పేశా."

"మూయని కంత మూసినట్టు ఎలా కనబడింది?"

"అదే కదమ్మా నా ఖర్మ! వేరే గ్యాంగు పోత పోసి ఉంటుందనుకున్నా. పైకెళ్ళి ఒక్కసారి కళ్ళారా చూస్తే పోయేది. చూడలేదు. పనివాళ్ళు పైకెళ్ళేసరికి కంత అలాగే ఉంది. వాళ్ళకేం తెలుసు, చెప్పింది చేశారు. ఎవరూ కాలు వెయ్యకుండా షీటు కప్పి వచ్చారు." అతను చేత్తో నుదురు కొట్టుకున్నాడు. "ఆవిడ పడ్డాక మేనేజరుగారు అదే ట్యాబ్ తెచ్చి చూపించారు. చూద్దును కదా, కంత ఉంది! ఎప్పట్లా, ఉన్నచోటే ఉంది. ఏడాదినించీ కళ్ళు చూపించుకో, కళ్ళు చూపించుకో అని మా ఆవిడ మొత్తుకుంటూనే ఉంది. వినలేదు. నా కళ్ళు పోయి ఒక మనిషి ప్రాణం తీశానమ్మా."

మేకు చాలామంది దొంగల్ని చూసింది. చేసిన తప్పుని చెయ్యలేదని బుకాయించే గొంతు ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. చెయ్యని తప్పుని నెత్తికెత్తుకుంటున్న ఈ గొంతు వింటే ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో ఇంకా తెలియలేదు.

"ఇంకొక్క మాట. మోడల్లో లేనిది ఎప్పుడైనా సొంతంగా కట్టారా?"

"ఒక్కసారి కట్టానమ్మా, మూడో అంతస్తులో చిన్న గోడ. మేనేజరుగారు అందరి ముందూ నిలబెట్టి నా చేతే కూలగొట్టించారు. అప్పట్నించీ మోడల్లో లేకపోతే మేకు కూడా కొట్టను."

కానిస్టేబుల్ కిసుక్కుమన్నాడు. మేకు అటు చూసేసరికి నవ్వు మింగేసి గోడకి ఆనించిన గొలుసుల వంక శ్రద్ధగా చూడసాగాడు.

*

ఆరో అంతస్తుకి ముందుమెట్ల మీదుగా ఎక్కేసరికి మేకుకి ఊపిరి అందలేదు. ఆలస్యాలావిడ ఆ మోకాళ్ళతో రోజూ ఎలా ఎక్కిందో అనుకుంది. కంత దగ్గర ఇన్‌స్పెక్టరు, అతని పక్కన మేనేజరు నిలబడి ఉన్నారు. మేనేజరు తెల్లటి హెల్మెట్టు మీద ఒక్క సిమెంటు చుక్క లేదు. చూడగానే రెండు చేతులూ జోడించాడు.

"రండి మేడం. చాలా దురదృష్టం. ఆవిడ మాకు పెద్ద దిక్కులాంటి మనిషి."

"పెద్ద దిక్కు పోయింది కదా, ఇక మీరే చెప్పండి. రెండేళ్ళ ఆలస్యం ఎందుకైంది?"

"వానలు మేడం. పునాదిలో నీళ్ళు వచ్చాయి. తర్వాత ఇసుక దొరకలేదు. ఇసుక దొరికేసరికి పనివాళ్ళు కోతలకి వెళ్ళిపోయారు. వాళ్ళు తిరిగొచ్చేసరికి డిజైన్ మార్చారు. అన్నీ మన చేతుల్లో ఉండవు కదా."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది వరస. అతను చెప్పిన కారణాల్లో వాన ఉంది, ఇసుక ఉంది, పనివాళ్ళున్నారు. మేనేజరు ఒక్కడే లేడు. మేకు ఇంకేమీ అడగకుండా కంత అంచున గొంతుక్కూర్చుంది. మనిషి అడ్డంగా పడుకున్నా జారిపోయేంత పెద్ద కంత. షీటు విరిగిన ముక్క ఒకటి అంచుకి వేలాడుతోంది. నాలుగు మూలలా నాలుగు చదరపు మచ్చలున్నాయి. చుట్టూ నేల అంతా సిమెంటు మరకలతో గరుకుగా ఉంటే, ఆ నాలుగు మచ్చల్లో మాత్రం స్లాబు పోసిననాటి నునుపు అలాగే ఉంది. ఒక్కో మచ్చలో బోల్టులు పీకేసిన బెజ్జాలున్నాయి. రెయిలింగ్ కాళ్ళు నిలిచిన చోటు అది. నిన్నా మొన్నా పెట్టినవి కావు, నెలల తరబడి ఉండి ఉంటాయి.

"కనబడిందా వదినా?" ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "మీరు మోకాళ్ళు అరగదీసుకుని కనిపెట్టింది మేం నిన్ననే ఫోటో తీసేశాం. రెయిలింగ్ ఉండేది, వాడు తీయించాడు, ఆవిడ పడిపోయింది. మీ సాక్ష్యం నా పక్షానే ఉంది. ఊరికే శ్రమ పడ్డారు."

"వాడు అనకండి మరిదిగారూ. మీ నాన్న వయసు ఆయనకి."

"మా నాన్న మనుషుల్ని కంతల్లోకి తోయలేదులెండి."

"కేసులు కంతల్లోకి తోసేవాళ్ళని కన్నాడు, చాలదా?"

అతని మొహం నల్లబడింది. మేనేజరు ఏదో గుర్తొచ్చినవాడిలా గోడ వైపు తిరిగాడు. చుట్టరికం, వైరం కలిసి ఉన్నచోట బయటివాడు నిలబడితే అలాగే ఉంటుంది.

"ట్యాబ్‌లో కంత మూసి ఉందని చెప్పాడు కదా మీ అమాయకుడు" అంటూ ఇన్‌స్పెక్టరు మేనేజరు చేతిలోంచి ట్యాబ్ లాక్కుని ఆవిడ మొహం ముందు పెట్టాడు. "ఇదిగో మోడల్. ఇదిగో ఆరో అంతస్తు. ఇదిగో కంత. మనిషి అబద్ధం ఆడతాడు గానీ యంత్రం ఆడదు. అర్థమైందా?"

మేకు చూసింది. కట్టడం మొత్తం తెర మీద బొమ్మరిల్లులా నిలబడి ఉంది. వేలితో తిప్పితే తిరుగుతోంది. ఆరో అంతస్తులో డక్ట్ కంత నిజంగానే ఉంది. ఆవిడ వేలితో కిందకి జరిపింది. అయిదో అంతస్తులో అదే చోట కంత, దాని చుట్టూ పసుపు రంగు రెయిలింగ్. నాలుగులో కంత, పసుపు రెయిలింగ్. ఏడులో కూడా అంతే. మళ్ళీ ఆరుకి వచ్చింది. కంత బోసిగా ఉంది.

"దీనికొక్కదానికే రెయిలింగ్ లేదేం?"

"ఆ మోడల్ చేసే అమ్మాయి మర్చిపోయి ఉంటుంది మేడం" అన్నాడు మేనేజరు వెంటనే. "చిన్నపిల్ల. పని ఎక్కువై చూసుకోదు."

"మర్చిపోతే మేస్త్రీ ఇక్కడ రెయిలింగ్ ఎలా పెట్టాడు? మోడల్లో లేకపోతే ఆయన మేకు కూడా కొట్టడు. మీరే కదా ఆ అలవాటు నేర్పింది, గోడ కూల్పించి మరీ. నేల మీద మచ్చలు చూస్తే రెయిలింగ్ ఇక్కడ నెలల తరబడి ఉంది. అంటే మోడల్లో కూడా ఒకప్పుడు ఉండే ఉండాలి. ఆ తర్వాత ఏమైంది?"

మేనేజరు నవ్వు అలాగే ఉంది గానీ దాని వెనక మనిషి కాస్త పక్కకి జరిగినట్టనిపించింది.

"వదినా, ఇక చాలు" ఇన్‌స్పెక్టరు ట్యాబ్ లాగేసుకున్నాడు. "మీకు కొండని తవ్వి ఎలకని పట్టే తీరిక ఉంది, నాకు లేదు. ముద్దాయిని పైకి తెచ్చి, రెయిలింగ్ ఎక్కణ్ణించి తీయించాడో చూపించమని వీడియో తీయాలి. అది అయిపోతే సంతకం. మీరు ఇక్కడుంటే వాడు ఏడుపు మొదలెడతాడు. దయచేసి కిందకి దిగండి. నా ఫోనుకి చెయ్యకండి, నేను ఎత్తను."

"దిగుతాను. కుర్చీ ఇచ్చి దిగాను, మెట్లు దిగలేనా?"

మెట్ల మలుపులో ఆవిడ వెనక్కి చూస్తే, మేనేజరు ఇన్‌స్పెక్టరు చెవి దగ్గరకి వంగి ఏదో చెబుతున్నాడు. ఇన్‌స్పెక్టరు తల ఊపుతున్నాడు.

*

మోడల్ చేసే అమ్మాయి సైటు ఆఫీసు చివరి గదిలో రెండు పెద్ద తెరల ముందు కూర్చుని ఉంది. తెచ్చుకున్న భోజనం డబ్బా మూత తీయకుండా పక్కన పెట్టుకుంది. పాతికేళ్ళుంటాయేమో. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. గోడకి ఆలస్యాలావిడ పాత స్వెట్టరు ఒకటి తగిలించి ఉంది, ఎవరూ తీసినట్టు లేదు.

"ఆరో అంతస్తు కంతకి రెయిలింగ్ పెట్టడం నువ్వు మర్చిపోయావట కదమ్మాయ్."

"ఎవరన్నారు?" ఆ పిల్ల సర్రున లేచింది. "ఒక్క కంతకి మర్చిపోయినా నా చెయ్యి నరుక్కుంటాను మేడం. నేనే పెట్టాను. అన్నింటికీ పెట్టాను."

"మరి చూడు."

అమ్మాయి మౌస్ తిప్పింది. ఆరో అంతస్తు తెర మీదకి వచ్చింది. కంత ఉంది, రెయిలింగ్ లేదు. శనివారం నించీ తను ఆ కంత ఉన్న వైపు తిప్పనే లేదట, చూడబుద్ధి పుట్టలేదట. కాసేపు రెప్ప వెయ్యకుండా చూసింది.

"ఎవరో కంతని తీసేసి మళ్ళీ పెట్టారు మేడం."

"నాకు అర్థమయ్యేట్టు చెప్పు. నేను కంప్యూటర్ అంటే టైపు మిషన్ అనుకునే కాలం మనిషిని."

"మేం రెయిలింగ్‌ని విడిగా పెట్టం. కంత అంచుకి అంటిస్తాం. కంత జరిపితే అదీ జరుగుతుంది. కంత తీసేస్తే దాంతోపాటు అదీ పోతుంది. తర్వాత మళ్ళీ కంత పెట్టామనుకోండి, కంత ఒక్కటే వస్తుంది. రెయిలింగ్ తిరిగి రాదు, మళ్ళీ చేత్తో పెట్టుకోవాలి. ఈ పని తెలిసినవాళ్ళెవరైనా ముందు అదే చూసుకుంటారు."

మేకు గోడకి ఆనుకుంది. మేస్త్రీ కళ్ళకి ఏ జబ్బూ లేదు. శుక్రవారం సాయంత్రం ఆయన చూసిందే నిజం. మోడల్లో కంత మూశారు. ఆయన మోడల్‌ని నమ్మి రెయిలింగ్ తీయించాడు. మోకాళ్ళ నొప్పులావిడ ఏ షీటు మీదైనా కాలు పెట్టేముందు కింద ఏముందో ట్యాబ్‌లో చూసుకునే ఉంటుంది.

"చూసుకునేవారు" అంది అమ్మాయి, మేకు అడగ్గానే. "ప్రతిసారీ చూసుకునేవారు. సైటంతా చెక్క షీట్లే కదా మేడం, దేనికింద నేల ఉందో దేనికింద లేదో మోడల్ చూస్తేనే తెలిసేది. నేనే అలవాటు చేశాను."

ఆవిడ చూసింది, తెర మీద నున్నటి స్లాబు కనబడింది, అడుగు వేసింది. ఆ తర్వాత ఎవరో కంతని తిరిగి తెరిచి చేతులు దులుపుకున్నారు. తోసినవాడు దగ్గర కూడా లేడు. చంపడానికి ఒక గీత చాలింది.

"ఎవరు మార్చారో మోడల్లో తెలియదా?"

"తెలుస్తుంది, నా పేరే ఉంటుంది. ఆఫీసులో అందరూ నా పాస్‌వర్డ్‌తోనే తెరుస్తారు. పాత కాపీలు ఉంచొద్దని, జాగా చాలడం లేదని పోయిన నెల మేనేజరుగారు ఆర్డరేశారు."

"ఆలస్యాలావిడ ఏం కనిపెట్టింది? నీతో ఏమైనా అందా?"

అమ్మాయి తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "మోడల్లో పైపు, దూలం ఒకదాన్నొకటి గుద్దుకుంటే అక్కడ ఎర్రగా చూపిస్తుంది మేడం. కట్టకముందే కూర్చుని దాన్ని సరిచెయ్యాలి. పైపువాళ్ళనీ దూలంవాళ్ళనీ పిలిచి ఒప్పించాలి, గొడవలవుతాయి. ఆ గొడవ పడలేక మేనేజరుగారు వరసపెట్టి అన్నిటికీ 'సరిచేశాం' అని నొక్కేసేవారు. నొక్కితే పచ్చగా మారిపోతుంది. ప్రతి నెలా బోర్డు ముందు తెరంతా పచ్చగా చూపించి చప్పట్లు కొట్టించుకునేవారు. ఇక్కడేమో కట్టిన గోడ పగలగొట్టడం, మళ్ళీ కట్టడం, మళ్ళీ పగలగొట్టడం. ఒక్క ఆపరేషన్ గదినే మూడుసార్లు పడగొట్టారు. వాన కాదు, ఇసుక కాదు, రెండేళ్ళు ఇలా పోయాయని ఆవిడ తేల్చేశారు. మేనేజరుగారికి మొహం మీదే చెప్పారు, సోమవారం బోర్డుకి చెబుతానని."

బయట ఎంతమంది తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వేరే ఊళ్ళ ఆసుపత్రులకి పరుగెత్తి ఉంటారో ఈ రెండేళ్ళలో! తెర పచ్చగా ఉంటే చాలనుకున్నాడు ఒక పెద్దమనిషి.

"ఇందాక ఒక మాటన్నావు. ఈ పని తెలిసినవాళ్ళెవరైనా రెయిలింగ్ చూసుకుంటారని. సగం తెలిసినవాళ్ళు ఎవరున్నారు?"

అమ్మాయి కుర్చీ అంచు పట్టుకుని మెల్లిగా కూర్చుంది.

"నేనే నేర్పాను మేడం" అంది చివరికి. "పోయిన నెల రెండు సాయంత్రాలు నా పక్కన కూర్చున్నారు. బోర్డువాళ్ళకి తనే తిప్పి చూపించాలట. స్లాబులో కంత ఎలా మూస్తారు, ఎలా తెరుస్తారు అని అడిగారు. ఆ ఒక్కటే అడిగారు. ఇంత పెద్దాయన ఈ వయసులో నేర్చుకుంటున్నారే అని ముచ్చటపడ్డాను."

"మేనేజరు."

ఆ పిల్ల తల ఊపింది. తర్వాత రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

"ఏడుపు తర్వాత. ఆ రెయిలింగ్ లేని కంతని అలాగే ఉంచు, ముట్టుకోకు. మేస్త్రీ నిజం చెప్పాడనడానికి మనకున్న సాక్ష్యం అదొక్కటే, కంత మూసి ఉండగా చూసి బతికున్న కళ్ళు ఆయనవొక్కటే. వాటిని జాగ్రత్తగా..." మేకు మాట సగంలో ఆగిపోయింది. ఆవిడకి మెట్ల మలుపులో చూసిన దృశ్యం కళ్ళ ముందు కదిలింది. చెవి దగ్గర వంగిన తెల్ల హెల్మెట్టు, ఊగిన తల. "మేస్త్రీని పైకి తీసుకెళ్ళారా?"

"ఇప్పుడే వెళ్ళారు, మనం మాట్లాడుతుంటే ఈ కిటికీ ముందు నించే. ముందుమెట్లకి నీళ్ళు పెట్టిస్తున్నాం, జారుతుంది, వెనకమెట్ల మీదుగా రండి అని మేనేజరుగారే దారి చూపించారు."

"ముందుమెట్లు నేనిప్పుడే దిగి వచ్చాను. బొట్టు నీళ్ళు లేవు." మేకు తెర మీదకి వంగింది. "ఆరో అంతస్తులో వెనకమెట్ల వైపు కంతలేమైనా ఉన్నాయా?"

"ఒకటుంది, ఏసీ డక్ట్‌ది. మెట్లెక్కి మలుపు తిరగ్గానే." అమ్మాయి తెరని తిప్పింది. "లేదు మేడం. ఆ చుట్టుపక్కల రంగులు వెయ్యడానికి పొద్దున తెరిచినప్పుడు ఉంది. ఇప్పుడు లేదు. స్లాబు ఉంది."

"ఇవాళ పనివాళ్ళకి పని ఎవరు చెప్పారు?"

"మేస్త్రీ లేరు కదా, మేనేజరుగారే చెప్పారు. భోజనాల ముందు వెనకవైపు నించి పైపులు దింపిన చప్పుడు విన్నాను."

మేకు అప్పటికే ఫోను తీసింది. ముద్దాయి ముందు నడుస్తాడు, పోలీసులు వెనక నడుస్తారు, అది ఆవిడ పాతికేళ్ళు చూసిన వరస. అక్కడా రెయిలింగ్ ఊడదీయించి షీటు కప్పించి ఉంటాడు, ఆ ఒక్క షీటు విరిగితే చాలు. ముసలి మేస్త్రీ చేసిన పాపానికి తనే దూకి చచ్చాడంటారు. ట్యాబ్‌లో ఏం చూశాడో చెప్పడానికి ఇక ఎవరూ ఉండరు.

ఇన్‌స్పెక్టరు ఫోను రెండుసార్లు మోగి కట్ అయింది. మూడోసారి మోగకుండానే కట్ అయింది. అన్నంత పనీ చేశాడు మహానుభావుడు.

"నువ్వు పరుగెత్తు. వెనకమెట్ల కింద నిలబడి గొంతు పగిలేలా కేకెయ్యి, ఆగమని" అంది అమ్మాయితో. ఆ పిల్ల కుర్చీ తన్నుకుని పరుగెత్తింది. కట్టడం నిండా డ్రిల్లింగు మోత. ఆ అరుపు రెండో అంతస్తు కూడా దాటదని మేకుకి తెలుసు. తను ఎక్కేలోపు అక్కడ పని పూర్తవుతుందనీ తెలుసు. ఆవిడ చెల్లెలికి ఫోను చేసింది.

"ఏంటక్కా, ఈ వేళప్పుడు?"

"మాట్లాడకుండా విను. ఇంట్లో ఉన్న రెండో ఫోను తియ్యి. నీ మొగుడికి చెయ్యి. నా ఫోను ఎత్తడు, నీది ఎత్తకపోతే రాత్రికి అన్నం ఉండదని వాడికి తెలుసు. ఎక్కడున్నాడో అక్కడే ఆగమను. మేస్త్రీని కూడా కదలనివ్వద్దను. ఒక్క అడుగు కూడా."

చెల్లెలు ఎందుకని అడగలేదు. అవతల రెండో ఫోను మోగుతున్న చప్పుడు సన్నగా వినిపించింది. మోగింది. మోగింది. మేకు బల్ల అంచుని పట్టుకుని నిలబడింది. ఇన్నేళ్ళలో ఆ మనిషి కోసం ఆవిడ దేవుణ్ణి ఏమైనా కోరుకుందంటే అతని ఉద్యోగం ఊడాలనే. ఇవాళ మాత్రం అతను పెళ్ళాం మాట వినే మనిషి అయితే చాలనుకుంది.

"ఎత్తాడక్కా. నువ్వే చేయించావని కనిపెట్టి తిడుతున్నాడు."

"తిట్టనీ. ఆగాడా?"

అవతల గుసగుసలు వినిపించాయి. "ఆగారట. మెట్లెక్కి మలుపు తిరిగారట. ఎదురుగా చెక్క షీటేదో ఉందట. మేస్త్రీ చొక్కా పట్టుకుని ఆపాడట. ఎందుకాపావో చెప్పమంటున్నాడు."

"మేనేజరు ఎక్కడున్నాడో అడుగు."

"వాళ్ళ వెనకే, గోడ పక్కన ఉన్నాడట." చెల్లెలు కాసేపు విని మళ్ళీ అంది. "ట్యాబ్ చూపిస్తున్నాడట. ఏం ఫరవాలేదు, మోడల్లో ఇక్కడ స్లాబు ఉంది, ధైర్యంగా నడవండి అంటున్నాడట."

"అయితే ఆయన్నే ముందు నడవమను" అంది మేకు.

చెల్లెలు ఆ మాటని ఉన్నదున్నట్టు రెండో ఫోనులోకి అప్పజెప్పింది. మేకు ఫోనుని చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది.

"ఏమైందే?"

"నడవడం లేదటక్కా."